ఎవరూ చేయని చప్పుళ్లు

"బడీమా, నువ్వేం మాట్లాడొద్దు. చప్పుడు మాత్రమే కావాలి."

మా మరిది కూతురు నస్రీన్ టేప్ రికార్డర్‌ను నా పక్కన పెట్టి మీట నొక్కింది. శుక్రవారం జుమ్మా నమాజు నుంచి వచ్చి అందరూ తిని లేచారు. నేను అడుగంటిన దేగిసా తోముతున్నాను. పాటలు కాకుండా, ఇంట్లో రోజూ వినిపించే చప్పుళ్లు పట్టుకు రమ్మని సంగీతం టీచర్ శ్రీలత పిల్లలకు చెప్పిందట. వినడం తెలిస్తే వాటిలోనూ సంగీతం ఉంటుందట.

నేను ఆ బళ్లోనే ఆయాను. మా ఆయన ఇక్కడి బురైమిలో కట్టడాల సైట్ మీద చనిపోయిన ఏడాదికి, మరిది ఎహసాన్ నన్ను కడప నుంచి ఈ అరబ్బు దేశానికి, మత్రాకు తెచ్చి ఆ పనిలో పెట్టించాడు. నా వీసా బడి పేరు మీదే. బడి వదిలాక మిగిలిన పొద్దంతా మరిది ఇంటిది. రెండేళ్లుగా మధ్యాహ్నం విరామంలో శ్రీలత నల్లబల్ల మీద నాకు తెలుగు అక్షరాలు దిద్దిస్తోందని ఇంట్లో ఎవరికీ తెలియదు. ఈ వయసులో ఎందుకని నవ్వుతారని చెప్పలేదు.

ముందురోజే ఎహసాన్ అన్నాడు: "బడి మానేయండి భాభీ. జాహిదాకు ఏడో నెల. మీ వీసా నా పేరు మీదికి మార్పిస్తా, పనిమనిషి కింద. కాగితంలో రాసేదానికే లెండి, మీరు మాకు అట్లనా?"

"ఇంట్లో పనేముండాది భాభీ, కాలు చాపుకోని కూచోవచ్చు," అంది అతని భార్య జాహిదా, పళ్లెం నా వైపు జరుపుతూ.

శనివారం సాయంత్రం ఆ కాగితం మీద వేలిముద్ర వేయాలి. బడి పోతే నల్లబల్ల పోతుంది. ఇంటికీ బడికీ మధ్య నన్నెవరూ పిలవని ఆ పావుగంట నడకా పోతుంది. వేయనంటే? పడుకునే చాప కూడా వాళ్లదే. తెచ్చిన మనిషికి కాదని చెప్పడం నాకెవరూ నేర్పలేదు.

శనివారం తరగతిలో నస్రీన్ క్యాసెట్ పెట్టారు. నేను గుమ్మం దగ్గర నీళ్ల కూజాతో నిలబడ్డాను. పీచు గీరుతోంది. కుక్కర్ కూత. చీపురు. బట్టలు బండకేసి కొడుతున్న దెబ్బలు, ఒకే లెక్కన. నడుమ "భాభీ, నీళ్లు", "భాభీ, నా చొక్కా", మళ్లీ పీచు. పిల్లలు బల్లల మీద ఆ దెబ్బలకు తాళం వేశారు. ఇంత పొడుగ్గా ఉంటుందా నా పని? ఎప్పుడూ చేశానే గానీ వినలేదు.

"బాగుంది. ఎవరు వాయించారమ్మా?" అని శ్రీలత అడిగింది.

"ఎవరూ లేరు టీచర్. మేమంతా కూచొనే ఉన్నాం. ఇంట్లో ఊరికే వస్తాయి."

శ్రీలత నా వైపు చూడలేదు. క్యాసెట్ డబ్బాలోని అట్టముక్క తీసి నస్రీన్ చేతిలో పెట్టింది. "వాయించినవాళ్ల పేరు రాయాలి. రేపు ఆ చప్పుళ్లు ఆగినప్పుడు ఏం వినిపిస్తుందో పట్టుకురా. అదీ పాఠమే."

నస్రీన్ అట్టముక్కనూ నన్నూ మార్చి మార్చి చూసింది. గుమ్మం దాకా వచ్చి నెమ్మదిగా అడిగింది, "బడీమా, నీ పేరేంది?"

కూజా కింద పెట్టాను. పెన్సిల్ తీసుకుని గోడకు ఆనించి రాశాను: ఇక్బాలున్నీసా. పిల్లలు చూస్తుండగా వంకరగా, అట్ట చివరిదాకా.

సాయంత్రం ఎహసాన్ కాగితం పరిచి, సిరా డబ్బా తెరిచి నా ముందుకు తోశాడు. "ఇక్కడ భాభీ."

డబ్బా మూత పెట్టాను. "వేయను బాబూ. పొద్దున బళ్లో గంట కొట్టాల."

"మరి ఇల్లు?" అన్నాడు. ఉండే చోటు సంగతా, పని సంగతా, ఏది అడిగాడో నేను తిరిగి అడగలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని చాప మీద కూర్చున్నాను. వంటింట్లో గిన్నెలు ఉన్నచోటే ఉన్నాయి. జాహిదా రెండుసార్లు పిలిచింది. మూడోసారి పిలవలేదు.

నస్రీన్ పరుగెత్తుకొచ్చింది. "బడీమా, ఏ చప్పుడూ రావట్లేదే?"

"టేప్ తీసుకురా బేటీ," అన్నాను. "ఇది పట్టుకో."