కోసిన సీలు

అతను పళ్ళ సెట్లు తయారుచేసే ల్యాబులో పనిచేస్తాడు. ముక్కలు అతికించి కట్టుకునే ప్లాస్టిక్ బొమ్మ విమానాలు, ఓడలు అంటే ప్రాణం. అందులోనూ తయారీ ఆగిపోయినవి, సీలు తీయనివి ఎక్కడున్నా వెతికి పట్టుకుంటాడు. ఈ పిచ్చి అంటించింది అక్క మొగుడే. ప్యాకింగు సామాన్ల దుకాణం నడిపే ఆ బావ దగ్గరున్న నీటి విమానం కిట్టు మీద అతనికి ఎన్నాళ్ళుగానో కన్ను. అచ్చు విరిగిపోయి కంపెనీవాళ్ళు దాన్ని మళ్ళీ చేయలేదు.

ఆ ఆదివారం బావ ఎట్టకేలకు మెత్తబడ్డాడు. "నీ దగ్గరున్న ఆ రైలింజను కిట్టు ఇచ్చి దీన్ని పట్టుకెళ్ళు" అన్నాడు.

అతను వెంట తెచ్చిన ఇంజను పెట్టె బల్లమీద పెట్టి, విమానం పెట్టెను చంటిబిడ్డలా అందుకున్నాడు. పెట్టెకు చుట్టిన ప్లాస్టిక్ కవరు అంచున వేలు ఆగిపోయింది. అతుకు గీత గీసినట్టు తిన్నగా ఉంది. పాతకాలపు కవర్లకు అంత నున్నటి అతుకు ఉండదు. అది అచ్చం బావ దుకాణంలోని సీలు మిషను వేసే అతుకు. అంటే తెరిచి మళ్ళీ సీలు వేశారన్నమాట, లోపల ముక్కలన్నీ ఉన్నాయో లేవో!

"దీన్ని ఎప్పుడైనా తెరిచారా బావా?"

"లేదు."

"ఒక్కసారి కూడా?"

"లేదన్నానుగా!"

అడగాల్సింది అతుకు గురించి. అడిగితే మనిషిని దొంగ అన్నట్టే, అడక్కపోతే ఇంజను నీళ్ళపాలైనట్టే. ఆ తడబాటులో అంతకంటే చెడ్డమాట అనేశాడు. "పోనీ, కోసి చూద్దామా?"

బావ ముఖం మాడిపోయింది. వంటింట్లోంచి వచ్చిన అక్క ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "బావకి నన్నిచ్చేటప్పుడు కూడా ఇంత పరీక్షగా చూళ్ళేదు కదరా నువ్వు!" అంది తేలిగ్గా.

బావ సొరుగు లాగి కట్టరు తీశాడు. బల్లమీద దాన్ని అతనివైపు తోశాడు. "నామాట మీద నమ్మకం లేదు కదూ? కొయ్యి."

"అది కాదు బావా..."

"కొయ్యరా!"

వద్దంటే అనుమానం జీవితాంతం పీక్కుతింటుంది. కట్టరు తీసుకున్నాడు. రోజూ మైనం మీద వెంట్రుకవాసి తేడా రాకుండా గీతలు గీసే చెయ్యి ఆవేళ లోతు చూసుకోలేదు. ఒక్క గుంజు గుంజాడు. కవరు చిట్లి విడిపోయింది.

దాని కింద ఇంకో కవరు ఉంది.

పసుపుపచ్చగా మారి, మూలల్లో ముడతలు పడి, అట్టకు అంటుకుపోయిన పాత కవరు. కంపెనీవాళ్ళు వేసింది. దాన్ని కూడా అదే కోత ఈ చివరనుంచి ఆ చివరకు చీల్చేసింది.

"దుమ్ము పడి పాడవుతుందని పైన నేనే ఇంకోటి తొడిగాను" అన్నాడు బావ. గొంతులో కోపం కూడా లేదు. "అడిగుంటే చెప్పేవాణ్ణి."

బావ రైలింజను పెట్టె తీసి అతని చేతిలో పెట్టాడు. "నీ ఇంజను నీ దగ్గరే ఉంచుకో. ఆ విమానం కూడా పట్టుకుపో. కోసినవాడివి నువ్వే కట్టు. నా కళ్ళముందు మాత్రం వద్దు."

తరవాత అక్క ఫోన్లు చేసింది గానీ బావ ఒక్కసారీ పలకలేదు. పెట్టెవైపు చూడాలంటేనే అతనికి తల కొట్టేసినట్టుండేది. చివరికి ఒకరోజు తెగించి కూర్చున్నాడు. పొట్టభాగం అతికించాడు, రెక్కలు నిలబెట్టాడు. విమానం నీళ్ళమీద నిలవడానికి కింద బిగించే తేలుడు పడవల దగ్గర చిక్కొచ్చింది. వాటి కాళ్ళు ముందుకు వంగాలో వెనక్కి వంగాలో కిట్టుతో వచ్చిన కాగితంలోని పటంలో తేలడంలేదు. జిగురు రాసేశాడు, ఆరిపోతోంది.

సిగ్గు చంపుకుని బావకి ఫోన్ చేశాడు. ఈసారి బావ ఎత్తాడు.

"బావా, తేలుడు పడవల కాళ్ళు ఎటు వంగాలి?"

"జిగురు రాశావా?"

"రాశాను."

"తుడిచెయ్. దేన్నీ ముట్టుకోకు. వస్తున్నా."