దత్తత అడవి

నీరజ పప్పు వడ్డిస్తుంటే ఆ పేరు మళ్లీ వినబడింది. "స్నిగ్ధ ఒప్పుకోదు. ఆమె చెప్తే మా ఎండీ సార్ కూడా ఇంటడు," అన్నాడు హృషికేశ్, కంచంలోంచి తలెత్తకుండానే. నాచారంలో అతను పనిచేసే మందుల కంపెనీ, కీసర అవతల పాడైపోయిన అడవి ముక్కను బాగుచేస్తామని అటవీశాఖతో ఒప్పందం చేసుకుంది. ఆ పనికి పెద్ద స్నిగ్ధ. ఉప్పల్‌లోని ఆ ఇంట్లో తిండి దగ్గర ముగ్గురే కూర్చున్నా, నీరజకు నాలుగో మనిషి కూడా ఉన్నట్టే ఉండేది. ఆఫీసుకు పోయేముందు భర్త అద్దం ముందు ఎక్కువసేపు నిలబడుతున్నాడా అని కూడా కనిపెట్టి చూసింది.

"పప్పుల ఉప్పు తక్కువైంది," అంది అత్త సూర్యకళ.

ఆదివారం మొక్కలు నాటడానికి కంపెనీ వాళ్లందరూ కుటుంబాలతో వెళ్తున్నారంటే, నీరజ బీరువాలోంచి పట్టుచీర తీసి కట్టుకుంది. ఆ స్నిగ్ధ ఎంత అందగత్తో చూడాలి.

తీరా చూస్తే, ఎండకు కమిలిన మొహం, మట్టి కొట్టుకున్న బూట్లు, నలభై దాటిన మనిషి. హృషికేశ్ లారీలోంచి మొక్కలు దింపిస్తుంటే వచ్చి ఆపింది. "ఇక్కడ గుంతలు తియ్యొద్దు. నరికిన మొదళ్లకు చిగుళ్లొస్తున్నయి. పశువులు మేయకుండ, నిప్పంటకుండ కాపాడితే అడవి తనే లేస్తది. ఫొటోల కోసం మొక్కలు నాటి, ఉన్న వేర్లు తెంపుతమా?"

అతను చేతులు కట్టుకుని ఆమె ముగించేదాకా విన్నాడు. "కరెక్టే మేడమ్," అని లారీని వెనక్కి పంపించాడు.

నీరజ భర్త వైపు తేరిపార చూసింది. ఇన్నేళ్ల కాపురంలో తను మొదలుపెట్టిన ఒక్క మాటనైనా అతను ఇట్లా విన్నాడా? "నీకు తెల్వది, ఊకో," అని సగంలోనే తెగ్గొట్టేవాడు. తను ఎమ్మెస్సీ బోటనీ చదివేటప్పుడు ఇలాంటి అడవుల్లోనే ఆకులు ఏరుకుంటూ తిరిగింది. పెళ్లయ్యాక ఉద్యోగం వస్తే, "అడవుల పొంటి తిరిగే కోడలు మాకెందుకు?" అంది సూర్యకళ. ఆ రోజు తల్లి మాటను మాత్రం అతను చివరిదాకా విన్నాడు. స్నిగ్ధ మీద రగిలిన అసూయకు మొగుడితో పనేలేదని నీరజకు అప్పుడు తెలిసింది. ఆ మట్టి బూట్లు కావాలి తనకు.

భోజనాల వేళ, అందరికీ వడ్డించమని హృషికేశ్ కళ్లతోనే సైగ చేశాడు. నీరజ గరిటె పక్కన పెట్టి స్నిగ్ధ దగ్గరికి నడిచింది.

"నేను బోటనీ చదివిన. మీ దగ్గర పనేమన్న ఉందా మేడమ్?"

"ఉంది. ఎండల తిరగాలె మరి."

"తిరుగుత."

హృషికేశ్ గబగబా వచ్చాడు. "ఊరికే అంటుంది మేడమ్. ఇంట్ల అమ్మకు..."

"జర ఆగుండ్రి," అంది నీరజ, అతని వైపు తిరగకుండానే. "నేనింకా మాట్లాడుతున్న."