మూడో పిలుపు

పొద్దున్నే రంగుల షాపు షట్టరు పైకి లేచిందంటే దాంతోపాటే కొత్తమ్మాయికి హుషారు లేస్తుంది. డబ్బాల మీద దుమ్ము దులుపుతుంది, రంగుల అట్టలు కౌంటరు మీద పరుస్తుంది, రంగులు కలిపే మిషను గొట్టాలు ఎండిపోకుండా తడిగుడ్డతో తుడుస్తుంది. ఇవన్నీ అయ్యేసరికి యజమాని వచ్చి కుర్చీలో కూలబడి మొదటి కాఫీ కోసం ఎదురుచూస్తుంటాడు. ఆయన్ని అందరూ రంగులాయన అంటారు. గిరాకీ మొదలైందా, ఇక ఊపిరి సలపదు. తెల్లరంగు డబ్బాలో మిషను చుక్క చుక్కగా రంగు వదులుతుంది. మూత బిగించి డబ్బాని ఇంకో మిషన్లో పెడితే అది దడదడా ఊగిపోతుంది. ఆ మూత తీసి చూసే క్షణం ఆమెకి ఇప్పటికీ వింతే. తెలుపు లోపలికి వెళ్లి ఆకుపచ్చ బయటికొస్తుంటే, జనం ఏమీ జరగనట్టు డబ్బా చంకన పెట్టుకుని ఎలా వెళ్లిపోతారో ఆమెకి అంతుపట్టదు.

చేరి చాన్నాళ్లయినా కొత్తమ్మాయి అన్న పేరు మాత్రం పోలేదు. అందుకు కారణం మొదటి రోజే. ఆ రోజు ఆమె షాపు గుమ్మం దాకా వచ్చి, కుడిచెయ్యి గుండె మీద పెట్టుకుని నిలబడింది. నిలబడింది నిలబడినట్టే ఉంది. కొనేవాళ్లు ఆమెని తప్పించుకుని వచ్చారు, పోయారు. మధ్యాహ్నం భోజనానికి లేచిన రంగులాయన చూసి, ఎవరమ్మా నువ్వు అని అడిగితే, పనిలో చేరడానికి పొద్దున్నే వచ్చాననీ, మీరింకా కానివ్వమనలేదనీ చెప్పింది. ఆయన బుర్ర గోక్కుని "సరే, కానివ్వు" అన్నాడు. అప్పుడు లోపలికొచ్చింది.

ఆమె పెరిగిన సన్నిధి అనే ఆశ్రమంలో అంతే మరి. ఆమె మాటలు నేర్చే వయసులో తల్లిదండ్రులు ఆమెని ఎత్తుకుని సన్నిధిలో చేరారు. అక్కడ లేవాలన్నా, కూర్చోవాలన్నా, దుప్పటి మార్చాలన్నా చెయ్యి గుండె మీద పెట్టుకుని ఆగాలి. దాన్ని నడిపే పెద్దయ్యో, ఆయన తరఫున ఎవరో "కానివ్వు" అనాలి. దేవుడు పెద్దయ్యకి చెప్తాడు, పెద్దయ్య మనకి చెప్తాడు, మధ్యలో మన బుర్రకి పనేముంది? నిజం చెప్పాలంటే అందులో సుఖం కూడా ఉంది. అందరివీ తెల్లబట్టలే, అందరిదీ ఒకటే పాట, గంట కొడితే అందరికీ ఒకేసారి ఆకలి.

ఆమెకి నమ్మకం పోవడానికి పెద్ద కథేమీ లేదు. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. ఒక ఉదయం పాట మధ్యలో, తాళంచెవి ఉందో లేదోనని జేబు తడుముకున్నట్టు, లోపల దేవుడి కోసం తడుముకుంది. లేడు. కంగారుపడి మళ్లీ తడుముకుంది. కొన్నాళ్లు ఉన్నట్టే నటించింది కానీ, కళ్లు మూసుకుని పాడుతున్న చెల్లెలి పక్కన నిలబడి అబద్ధం పాడటం ఆమె వల్ల కాలేదు. తల్లీ తండ్రీ అప్పటికే పోయారు. చెల్లెలొక్కతే మిగిలింది. ఆమెని అక్కడే వదిలేసి వచ్చింది. అదొక్కటే ఇప్పటికీ ముల్లులా గుచ్చుకుంటుంది.

బయటికొచ్చాక ఒక ఇంటి వెనక వాటా అద్దెకి దొరికింది. వాటా అనడం గొప్పకి. మంచం వేస్తే మనిషి పక్కకి తిరగాలి. మేడ మీద ఉండే ఇంటామె ఆస్పత్రిలో నర్సుగా చేసి మానేసిన మనిషి, నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. కొత్తమ్మాయి ఆమెని పిన్నిగారూ అంటుంది. గోడకి అటువైపు, వెనకవీధి అరుగు మీద ఒకాయన సైకిళ్లు బాగుచేస్తాడు.

మొదటి జీతం రోజున ఆమె దారిలో ఒక నీలంరంగు కప్పు కొంది. ఎవరూ కొనమనలేదు. పక్కన ఎర్రది కూడా ఉంది. నీలందే కావాలనిపించింది, అంతే. ఇంటికొచ్చి చూస్తే పొయ్యి పక్క గోడలో కప్పు పట్టేంత గూడు వచ్చి ఉంది. పిన్నిగారు వచ్చి చేత్తో తడిమి, అంచులు నున్నగానే వచ్చాయనీ, మేకులు మాత్రం కొట్టొద్దనీ చెప్పి వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఇక ఆగలేదు. రంగు వెనక్కి తీసుకోమని గోల చేసిన ఒక కాంట్రాక్టరుకి జీవితంలో మొదటిసారి "కుదరదు" అని చెప్పిన రోజు తూర్పు గోడకి కిటికీ వచ్చింది. సెలవు రోజు ఎండెక్కేదాకా పడుకోవాలనుకుని పడుకుంటే, లేచేసరికి గది ఒక బార పెరిగింది. జుట్టు భుజాల దాకా కత్తిరించుకున్న సాయంత్రం ఏకంగా వంటిల్లు విడిగా ఏర్పడింది. గోడ కదిలినప్పుడల్లా అటువైపు సైకిళ్లాయన గాలికొట్టే పంపు కాస్త జరుపుకుని, "ఇవాళేం కావాలనుకున్నావమ్మా?" అని అడిగేవాడు. ఆమె చెప్పేది. పిన్నిగారిది మాత్రం ఊడ్చుకునేది నువ్వేగా అన్న ఒక్క మాటే.

అయితే అరువు ఇష్టాలు చెల్లవు. రంగులాయన బాగుందన్నాడని పసుపుపచ్చ దుప్పటి కొంటే గోడ ఉలకలేదు, పలకలేదు. దాన్ని తిరిగిచ్చేసి గళ్లది తెచ్చుకున్నాకే ఒక అలమర వచ్చింది. ఆమెకి పట్టరాని సంతోషం వేసింది. అలాంటప్పుడే పాతమాటలు, దేవుడికి చెప్పే కృతజ్ఞతల మాటలు, అలవాటుగా పెదాల దాకా వచ్చేసేవి. వినేవాడు లేడని గుర్తొచ్చి మింగేసేది. అంత సంతోషాన్ని ఎక్కడ దించుకోవాలో తెలియక వీధి చివరిదాకా పరుగెత్తి తిరిగొచ్చేది. చూసినవాళ్లు బస్సు కోసమనుకునేవారు.

అలా ఉండగా సన్నిధి నుంచి కబురొచ్చింది. చెల్లెలు చివరి ప్రమాణానికి సిద్ధమైంది, అంతకు ముందుగా పిలుపుకి వస్తోంది.

పిలుపు అనేది సన్నిధి ఆచారం. చివరి ప్రమాణం చేసేవాళ్లు, వదిలి వెళ్లిపోయిన తమ మనిషి దగ్గరికి వచ్చి మూడుసార్లు వెనక్కి పిలవాలి. మూడుసార్లూ కాదంటే ఆ బంధం తెగినట్టే. తర్వాత చూపులుండవు, మాటలుండవు, చావు కబురు కూడా అందదు. మూడు పిలుపులూ పూర్తికాకుండా మాత్రం ప్రమాణం చేయించరు. పెద్దయ్య తరఫున తోడొచ్చినవాళ్లు బయటే కూర్చుంటారు, లోపల మాట్లాడేది రక్తసంబంధీకులే.

కబురు విన్నప్పటినుంచి కొత్తమ్మాయికి కాళ్లు నేల మీద ఆనలేదు. చెల్లెల్ని చూడబోతున్నానన్న ఆనందం ఒకపక్క, అదే ఆఖరిచూపేమోనన్న భయం ఒకపక్క. చెయ్యి పట్టుకుని ఆపెయ్యమ్మా, తర్వాత అదే సర్దుకుంటుంది అన్నాడు రంగులాయన. ఆమెకి ఆ మాట బాగా నచ్చింది. ఇంటికెళ్లి అద్దం ముందు నిలబడి ప్రసంగం మొదలుపెట్టింది.

"నువ్విక్కడే ఉంటున్నావు. ఈ మంచం నీది. తెల్లబట్టలు తీసెయ్, నీకు చిలకాకుపచ్చ బాగుంటుంది. వచ్చే వారం నుంచి షాపుకి..."

ఎక్కడో కిర్రుమంది. చూస్తే వంటింటి గోడ ముందుకి జరుగుతోంది. అలమర లోపలికి నొక్కుకుపోయింది, కిటికీ చీలికంత అయింది. ఆమె నోరు మూసుకున్నాక గానీ గోడ ఆగలేదు. మంచం అంచున కూలబడింది. పెద్దయ్య కూడా ఎప్పుడూ కోపంగా చెప్పలేదు. ఇలాగే, ఇంత ప్రేమగానే చెప్పేవాడు.

షాపు సెలవు రోజు మధ్యాహ్నం వచ్చారు. తోడుగా పెద్దక్క వచ్చింది. సన్నిధిలో ఆడవాళ్లందరినీ నడిపించే మనిషి ఆమె. కొత్తమ్మాయి వైపు చూడకుండా వెళ్లి సైకిళ్లాయన బల్ల మీద గోడకి ఆనుకుని కూర్చుంది. చెల్లెలు గుమ్మంలో ఆగి చెయ్యి గుండె మీద పెట్టుకుంది. సన్నబడింది, కళ్లు మాత్రం అవే.

రా అన్న మాట గొంతు దాకా వచ్చింది. కొత్తమ్మాయి దాన్ని నొక్కిపెట్టి, "తలుపు తీసే ఉంది," అంది. చెల్లెలు చాలాసేపు నిలబడింది. చివరికి ఎండకి తాళలేకో ఏమో లోపలికొచ్చి గోడ పక్క స్టూలు మీద కూర్చుంది.

"ఇంటికి రా అక్కా," అంది, చదివి అప్పజెప్పినట్టు.

"రాను."

ఒకటి అయింది. టీ పెట్టనా, కాఫీ పెట్టనా అని అడిగింది కొత్తమ్మాయి. నీ ఇష్టం అంది చెల్లెలు. నేను తాగేది నా ఇష్టం, నువ్వు తాగేది నా ఇష్టమెలా అవుతుందని అడిగింది కొత్తమ్మాయి. చెల్లెలు ఏదైనా పర్లేదంది. ఏదైనా అనేది నా దగ్గర లేదంది కొత్తమ్మాయి. గిన్నెలో నీళ్లు మరిగి మరిగి సగమయ్యాయి. చెల్లెలికి ముందు సిగ్గేసింది, తర్వాత చిరాకేసింది, ఆ తర్వాత చిన్నప్పటిలా ముక్కుపుటాలు అదిరాయి.

"నాకు కాఫీ వద్దు, టీ వద్దు. మంచినీళ్లు కావాలి. చల్లటివి."

ఆమె భుజం పక్కన గోడ విచ్చుకుంది. సరిగ్గా కూర్చున్న మనిషి తల పట్టేంత కిటికీ. గాలి వచ్చి ఆమె తలమీది తెల్లగుడ్డని వెనక్కి తోసింది. చెల్లెలు చౌకట్టు మీద వేలితో రాసి చూసింది.

"ఇది నీదా?"

"నేనేమీ కావాలనలేదుగా," అంది కొత్తమ్మాయి నీళ్లిస్తూ. నవ్వు ఆపుకోవడం ఆమె వల్ల కావడం లేదు.

చెల్లెలు గ్లాసు ఖాళీ చేసి, పని గుర్తొచ్చినదానిలా గబగబా "ఇంటికి రా అక్కా" అనేసింది. రాను అంది కొత్తమ్మాయి. రెండోదీ అయిపోయింది. ఇక మిగిలింది ఒక్కటే. ఆ ఒక్కటీ అయితే ఈ ముఖం మళ్లీ కనపడదు.

చెల్లెలు మూడోది పిలవకుండా, గొంతు తగ్గించి అడిగింది. "రాత్రుళ్లు ఎవరితో మాట్లాడతావు?"

"ఎవరితోనూ కాదు."

"భయమెయ్యదా?"

"మొదట్లో చచ్చేంత వేసింది. పాట ఇప్పటికీ గుర్తొస్తుంది, ఏడుపొస్తుంది కూడా. కష్టం వస్తే పర్లేదు, ఎలాగో పడతాను. సంతోషం వచ్చినప్పుడే ఎవరికి చెప్పుకోవాలో తెలియదు. పిన్నిగారికి చెప్తాను. సరేలే, ముందు ఆ కుళాయి కట్టెయ్ అంటుంది."

చెల్లెలు ఫక్కున నవ్వింది. నవ్వుతూనే కళ్లు నిండాయి. అంతలో చెయ్యి దానంతటదే వెళ్లి గుండె మీద వాలింది.

"నువ్వు చెప్పు అక్కా. ప్రమాణం చెయ్యనా, మాననా? నువ్వేం చెప్తే అదే."

ఇన్నాళ్లూ ఆమె ఎదురుచూసింది ఈ మాట కోసమే. మానెయ్ అంటే చాలు, చెల్లెలు దక్కుతుంది. నోరు తెరిచింది. వంటింటి గోడ కిర్రుమంది. ఆమె నాలిక కరుచుకుంది, పళ్లకింద నిజంగానే ఉప్పగా తగిలింది.

"నాకేం కావాలో చెప్తాను," అంది చివరికి. "నువ్వు నా దగ్గర ఉండాలని ఉంది. అది నా ఆశ. నీకేం కావాలో నాకు తెలీదు. నేను కానివ్వు అననే. నన్నడగకు."

గోడ ఆగింది. చెల్లెలి ముఖం పాలిపోయింది. పుట్టి బుద్ధెరిగాక ఆ పిల్లని అంత ఒంటరిగా ఎవరూ వదిలెయ్యలేదు. కొత్తమ్మాయికి ఆమెని కావలించుకోవాలనిపించింది, అయినా కదల్లేదు. తన జన్మలో అంత కష్టమైన పని ఆమె మరొకటి చెయ్యలేదు.

బయటినుంచి పెద్దక్క గొంతు వినిపించింది. "మూడోది అయిందా?"

చెల్లెలు కొత్త కిటికీలోంచి తల బయటికి పెట్టింది. బల్ల మీద పెద్దక్క, ఆమె పక్కన ట్యూబు నీళ్లలో ముంచి బుడగలు చూస్తున్న సైకిళ్లాయన, ఆ వెనక వీధి.

"అవలేదు పెద్దక్కా."

"పిలువు మరి, పొద్దుపోతోంది."

"పిలవను."

పెద్దక్క వెనక్కి తిరిగి చూసింది. ఆమెకి కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది. "అలా అనమని ఎవరు చెప్పారే నీకు? మీ అక్కేనా?"

"అడిగాను. చెప్పలేదు," అంది చెల్లెలు. "ఎవరూ చెప్పలేదు పెద్దక్కా."

అప్పుడు గోడ కదిలింది. ఇదివరకటిలా జానెడో బారెడో కాదు, ఒక పూర్తి గది, తలుపుతో సహా, పెళపెళమంటూ వీధివైపు బయల్దేరింది. కొత్తమ్మాయి పొయ్యి మీది గిన్నె పట్టుకుంది. పిన్నిగారు పైనుంచి, అరుగు మిగల్చండే అని కేకేసింది. సైకిళ్లాయన ఒక చేత్తో పంపు, ఇంకో చేత్తో నీళ్ల తొట్టి అందుకుని, "కాస్త లేవండమ్మా, గది వస్తోంది," అన్నాడు. ఎవరికోసమూ లేచి ఎరగని పెద్దక్క లేచి నిలబడింది. బల్లని కూడా ఆమే ఒక చివర పట్టి జరపాల్సి వచ్చింది. గది ఆగాక దాన్ని కిందనుంచి పైదాకా ఒకసారి చూసి, ఒక్కతే వెళ్లిపోయింది.

చెల్లెలు కొత్తగదిలోకి వెళ్లి మధ్యలో నిలబడింది. నాలుగు గోడలూ ముట్టుకుని చూసింది. వెనకే వచ్చిన కొత్తమ్మాయికి కళ్లనీళ్లు ధారగా కారిపోతున్నాయి. తుడుచుకునే ప్రయత్నం కూడా చెయ్యలేదు.

"అక్కా," అంది చెల్లెలు. కాస్త ఆగి, తన కడుపు మీద చెయ్యి వేసుకుని, అక్కడేదో వినపడ్డట్టు తల వంచింది. "నాకు ఆకలేస్తోంది. గంట కొట్టలేదు కదా, అయినా వేస్తోంది."