లేతు మీద గ్లాసుడు నీళ్ళు

పాత లేతు మిషన్లు కొని, విప్పి, బాగుచేసి, ఓడల్లో పరదేశాలకు పంపే షెడ్డు అది. ముప్పై ఎనిమిదేళ్ళుగా అక్కడ పెద్దమేస్త్రి మాటకు తిరుగులేదు. ఆ ఇనుప మోతలో బతికి బతికి ఆయనకు చెవులు దాదాపు పోయాయి. అయినా ఖాతరు చెయ్యలేదు. తిరుగుతున్న మిషను మీద అరచెయ్యి ఆనిస్తే చాలు, జబ్బేమిటో ఇట్టే చెప్పేసేవాడు.

ఆయన కోడలు ఆ పక్కనే అద్దాల గదిలో ఎగుమతి కాగితాలు చూసేది. ఏ మిషను ఏ ఓడెక్కిందో, ఏ రేవులో దిగిందో ఆమెకు కంఠతా వచ్చు. మామగారి దృష్టిలో మాత్రం అదొక పని కాదు. "కుర్చీలో కూర్చుని చేసేదాన్ని పనంటారా?" అని వేళాకోళమాడేవాడు.

ఒక పొద్దున ఆమె ఫోను పట్టుకుని పరుగున షెడ్డులోకి వచ్చింది. ఆయన చెవి దగ్గర నోరు పెట్టి అరిచింది.

"మామయ్యా! పోయిన నెల పంపిన పెద్ద లేతు ఒకటే వణుకుతోందట. గేరు విరిగిందంటున్నారు. వెనక్కి పంపేస్తారట!"

ఆయన ముఖం మాడిపోయింది. ఆ గేర్లు తన చేత్తో బిగించినవి.

"సముద్రం అవతల ఉన్నదాన్ని ఎలా తడిమి చూడనమ్మా?"

"నాకు చెవులున్నాయిగా. నేను వింటాను."

ఫోన్లో అవతలి వర్క్‌షాపు కనిపించింది. లేతు పక్కన, కళ్ళజోడు తాడుతో మెళ్ళో కట్టుకున్న ఒక ఆపరేటరమ్మ. వాళ్ళ భాషలో కోడలికి వచ్చినవి పాతిక ముక్కలు. అవీ ఉత్తరాలు రాసి రాసి నేర్చుకున్నవే. వాటితోనే లేతు తిప్పమంది.

"టక్కుటక్కుమని కొడుతోందా?" అడిగాడు మామగారు.

"లేదు. గుర్రుమంటోంది. కాదు, గుడగుడ... అయ్యో, ఎలా చెప్పను!"

నోటితో చెప్పలేక, ఆ మోతను రెండు చేతులతో చెక్క బల్ల మీద వాయించింది. షెడ్డులో అందరూ పని ఆపి నోళ్ళు తెరిచి చూశారు. పెద్దమేస్త్రి మాత్రం గబుక్కున అదే బల్ల మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

"స్పీడు పెంచమను."

ఆమె చేతులు జోరందుకున్నాయి.

"గేరు కాదు!" ఎగిరి గంతేసినంత పని చేశాడు. "గేరయితే చుట్టు తిరిగినప్పుడల్లా ఒక్క దెబ్బ పడుతుంది. ఇది కాళ్ళ జబ్బు. గ్లాసుడు నీళ్ళు తెచ్చి, తిరుగుతున్న మిషను మీద నాలుగు మూలలా పెట్టి చూడమను!"

మూడు మూలల్లో నీళ్ళు కాస్త కదిలాయంతే. నాలుగో మూలలో గ్లాసులోంచి తుళ్ళి ఒలికాయి. ఆపరేటరమ్మ మిషను ఆపి, టార్చితో కిందికి తొంగిచూసింది. లేతు వచ్చిన పెట్టె విప్పినప్పుడు విరిగిన చెక్కపేడొకటి ఆ కాలి కింద ఇరుక్కుని ఉంది. అక్కడి పనివాళ్ళు గడ్డపారతో కాలు లేపారు, ఆమె పేడు లాగేసింది. మట్టం సరిచేసి, బోల్టులు బిగించి మళ్ళీ తిప్పారు.

గ్లాసులో నీళ్ళు అద్దంలా నిలిచాయి. ఆపరేటరమ్మ పకపకా నవ్వి, గ్లాసెత్తి ఆ నీళ్ళు గటగటా తాగేసింది.

పెద్దమేస్త్రి కోడలి వైపు కొత్తగా చూశాడు. "నేను చేత్తో ఇరవయ్యేళ్ళలో నేర్చింది నువ్వు చెవితో రెండేళ్ళలో పట్టేస్తావు. రేపట్నుంచి పొద్దునో గంట షెడ్డులోకి రా."

"మరి కాగితాలో?"

"అదీ పనే. ఎవరు కాదన్నారు?" అన్నాడు, ఎన్నడూ కాదననివాడిలా.

ఆ లేతు కొన్న కంపెనీ వాళ్ళు ఇంకో రెండు లేతులు కావాలన్నారు. బిగించడానికి మనిషిని కూడా పంపమన్నారు. ఏడాది తిరిగేసరికి ఆ పని మీద విమానమెక్కింది కోడలే. ఆమె తిరిగొచ్చే దాకా మామగారు అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ అదే చెప్పాడు. "మా అమ్మాయి లేతు బిగించడానికి వెళ్ళింది. అవును, మా అమ్మాయే!"