జాకెట్ సైజు

సూర్యాపేట పాత బస్టాండు వెనక వీధిలో ప్రభాకర్ మ్యాచింగ్ సెంటర్ పెట్టి ఇరవై నాలుగేళ్లయింది. ముందువైపు లంగాలు, ఫాల్సులు, జాకెట్ ముక్కలు. వెనకవైపు అరల్లో ఆడవాళ్ల లోపలి బట్టల డబ్బాలు. ఊళ్లో అలాంటి దుకాణాలు ఇంకా ఉన్నా, ఆ వెనక అరల కోసం ఆడవాళ్లు ప్రభాకర్‌నే వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. మనిషి అంత మర్యాదస్తుడు. కౌంటరు మీంచి కళ్లెత్తడు. బ్రా అనే మాట తాను అనడు, ఎదుటివాళ్ల చేత అనిపించడు. "జాకెట్ సైజెంతమ్మా?" అని మాత్రం అడిగేవాడు. జాకెట్ సైజు చెప్పడానికి ఎవరికి మాత్రం సిగ్గు? ముప్పై ఆరు అంటే ముప్పై ఆరు డబ్బా, నలభై అంటే నలభై డబ్బా. పాత పేపర్లో చుట్టి, నల్ల కవర్లో పెట్టి చేతికిచ్చేవాడు. ఇంత మర్యాద చేసేవాణ్ని తప్పు పట్టాలని ఎవరికి తోస్తుంది చెప్పండి?

ఆయన భార్య ఆండాళుకూ తోచలేదు. ఆమె ఇంటి ముందుగదిలో జాకెట్లు కుడుతుంది. పొద్దస్తమానం టేపు మెడలోనే వేలాడుతుంటుంది. ఆ వీధి ఆడవాళ్ల కొలతలన్నీ ఆమెకు నోటికి వచ్చు, కొలతలతో పాటు వాళ్ల కష్టసుఖాలూ వచ్చు. రెండో కాన్పు తరవాత ఒళ్లు నిండుగా మారినప్పుడు అదే టేపుతో తనను తాను కొలుచుకుని, "నలభై రెండు" అని మొగుడికి చెప్పింది. ఆయన నలభై రెండు డబ్బాలోంచి తెచ్చిచ్చాడు. అప్పట్నుంచి ఏడాదికి రెండుసార్లు, అడిగించుకోకుండా తెచ్చి బీరువాలో చీరల కింద పెట్టేవాడు. ఆ సంగతి వాళ్లిద్దరూ మళ్లీ ఎన్నడూ మాట్లాడుకోలేదు.

మూడేళ్ల కిందట ఆండాళుకు మెడ పట్టేసింది. అక్కణ్నుంచి నొప్పి భుజాల్లోకి దిగింది. కుడిచెయ్యి పైకెత్తితే ప్రాణం పోయినంత పనయ్యేది. ఎక్స్‌రేలు తీయించారు, మెడకు పట్టా కట్టారు, డబ్బాల కొద్దీ మాత్రలు మింగింది. చివరికి ఎముకల డాక్టరు, గంటల తరబడి మిషన్ మీద వంగితే నొప్పి రాక ఏమవుతుందన్నాడు. ప్రభాకర్ ఆ మాట పట్టుకున్నాడు.

"మిషన్ బంద్ జెయ్యి ఆండాళూ. నీ పాణం కంటె ఎక్కువనా గది? మునగాల టైలర్ జైరాంకు చెప్పిన. ఐతారం వచ్చి తీస్కపోతడు" అన్నాడు, ఆమె భుజానికి బామ్ రాస్తూ. రోజూ సాయంత్రం దుకాణం నుంచి రాగానే ఆయన చేసే మొదటి పని అదే.

అరిచి చెప్పి ఉంటే ఆమె కూడా నాలుగు అనేది. ప్రేమగా చెప్పేవాడితో ఎలా కొట్లాడాలి? ఆ మిషన్ లేకపోతే ముందుగదిలోకి వచ్చేదెవరు, తనతో మాట్లాడేదెవరు? తనకంటూ ఉన్నది అదొక్కటే అని ఆండాళుకు తెలుసు. ఆయనకు తెలియదు. తెలియజెప్పడం ఆమెకు చేతకాలేదు. "సరే" అనేసి, వంటింట్లోకి పోయి ఏడ్చింది.

ఆదివారానికి ఇంకా మూడు రోజులుందనగా ఆమె మిర్యాలగూడ బస్సెక్కింది. చెల్లెలి కూతురు స్వాతి అక్కడ ఫిజియోథెరపిస్టు. ఆఖరుసారి ఆ పిల్లకు కూడా చూపించుకుందామని ఆశ. స్వాతి గది తలుపేసి, స్టూలు మీద కూర్చోబెట్టి, జాకెట్ తీయమంది. తీశాక వెనక నిలబడి రెండు భుజాలూ తడిమి చూసింది.

"గిదేంది పెద్దమ్మా, గింత లోతు వడ్డదేంది?"

రెండు భుజాల మీదా, బ్రా పట్టీ కూర్చునే చోట, వేలు దూరేంత గాడి పడి ఉంది. అడుగున చర్మం నల్లగా కమిలిపోయింది.

"అందరికి ఉండేదే గదనే" అంది ఆండాళు.

"అందరికెందుకుంటది? సూడు, నీ కింది పట్టీ వదులై వీపు మీదికెక్కి కూసున్నది. బరువు మొయ్యాల్సింది గా పట్టీ. గది మోస్తలేదు గనుక నీ భుజాలు మోస్తున్నయ్. సైజెంత?"

"నలభై రెండు. మీ పెద్దనాయన దుకాణంలదే."

"ఎవరు కొలిసిండ్రు?"

"నేనే" అంది ఆండాళు, కొంచెం గర్వంగానే.

స్వాతి టేపు తెచ్చి ముందు రొమ్ముల కింద బిగుతుగా చుట్టింది. ముప్పై ఆరు. తరవాత రొమ్ముల మీదుగా చుట్టింది. నలభై రెండు.

"నువ్వు చెప్పింది జాకెట్ కొలత పెద్దమ్మా. దీనికి రెండు కొలతలు గావాలె. కింది కొలత పట్టీకి. రెంటికి మధ్యల ఎంత తేడా ఉంటె గంత కప్పు. అంగుళానికి ఒక అక్షరం. నీకు ఆరు అంగుళాలు, అంటే ఆరో అక్షరం. ముప్పై ఆరు ఎఫ్ నీది. నువ్వు ఏసుకున్నది నలభై రెండు బీ. పట్టీ పెద్దగైంది, కప్పు సాలలె."

ఆండాళుకు ముందు నవ్వొచ్చింది. ఊరందరినీ కొలిచిన చెయ్యి, తన రొమ్ము కింద ఒక్కసారి టేపు పెట్టి చూడలేదు. నవ్వుతూనే ఏడ్చేసింది. స్వాతి ఆమె తలను తన పొట్టకు ఆనించుకుని, ఏడుపు ఆగేదాకా అలాగే నిలబడింది.

"నొప్పంత గిందుకే అని నేను చెప్పలేను. మెడకు ఎక్సర్‌సైజులు నేర్పుత, అవి గూడ జెయ్యాలె. కాని ముందుగాల గిది మార్సు. గిది మార్సకుంట మిషన్ అమ్ముకుంటె నీయంత పిచ్చిది ఉండది" అంది.

తిరుగు బస్సులో రైసు మిల్లులు దాటుతుంటే ఆండాళు గుండె తేలికపడింది. సూర్యాపేట దగ్గర పడేకొద్దీ మళ్లీ బరువెక్కింది. తన మిషన్ దక్కాలంటే ఈ మాట మొగుడికి చెప్పాలి. ఒక్క ఆండాళుకేనా, సగం ఊరికి ఆయన జాకెట్ సైజుతోనే కదా అమ్మింది? మంచివాడన్న పేరు తప్ప ఆ మనిషి వెనకేసుకున్నది ఏమీ లేదు. దాని మీద ఎలా కొట్టడం?

ఇల్లు చేరి, ఆయన టీకి రాగానే గ్లాసు చేతికిచ్చి చెప్పేసింది. ప్రభాకర్ మొహం చిన్నబోయింది.

"ఇరవై నాలుగేండ్ల సంది అమ్ముతున్న నేను. నాకు స్వాతి నేర్పుతదా?" అన్నాడు మెల్లగా. టీ సగంలో పెట్టి లేచి దుకాణానికి పోయాడు. ఆ సాయంత్రం వచ్చి బామ్ డబ్బా ముట్టుకోలేదు. తిట్టినా ఆండాళుకు అంత బాధ ఉండేది కాదు.

మర్నాడు మధ్యాహ్నం ప్రభాకర్ దుకాణం మూసి ఇంటికి వచ్చాడు. పెళ్లిళ్ల సీజన్‌లో ఆ వేళకు ఎన్నడూ మూసినవాడు కాదు. చంకలో నాలుగు డబ్బాలున్నాయి. తలుపు గడియ పెట్టి, డబ్బాలన్నీ మంచం మీద బోర్లించాడు.

"అన్నీ బీలే ఆండాళూ. ఆడొకటి ఈడొకటి సీ ఉన్నది. నేను నంబరు సూసి అమ్మిన. గా అక్షరం దిక్కు ఎన్నడు సూడలే." ఖాళీ డబ్బాలు పక్కకు నెట్టి, "టేపియ్యి. జర నేను గూడ సూస్త" అన్నాడు.

కిటికీలోంచి ఎండ గదంతా పరుచుకుని ఉంది. ఆండాళు సిగ్గుపడుతూనే జాకెట్ విప్పింది. అంత వెలుతురులో ఆయన ముందు అలా నిలబడటం ఇన్నేళ్లలో అదే మొదటిసారి. ప్రభాకర్ టేపు చుట్టలేదు. ఆయన వేలు ఆమె కుడిభుజం మీది గాడిలో ఆగిపోయింది. తరవాత ఎడమ భుజం మీదికి పోయింది.

"రోజు నేను జాకెట్ అంచు దాకనే రుద్దిన" అన్నాడు. "ఒక్కనాడన్న తీసి సూడకపోతిని."

"నలభై రెండని చెప్పింది నేనే గద" అంది ఆమె.

"సైజులమ్మేటోన్ని నేను."

ఆండాళు ఆయన చేతిని భుజం మీదే పట్టుకుని ఉంచింది. ఇంతకాలం ఆయన మీద లోపల్లోపల ఉడికిన కోపమంతా ఆ చేతి కింద కరిగిపోయింది.

శనివారం ఇద్దరూ కోదాడ పోయారు. అక్కడ కొత్తగా పెట్టిన ఒక దుకాణంలో అమ్మేది ఆడవాళ్లే, వేసుకుని చూసుకోవడానికి గది కూడా ఉందని స్వాతి చెప్పింది. గీత అనే అమ్మాయి నాలుగు రకాలు తెచ్చి ఆండాళును గదిలోకి తీసుకుపోయింది.

"కొంచెం ముందుకి వంగి వేసుకోండి మేడమ్. చేత్తో పక్క నుంచి మొత్తం కప్పులోకి తీసుకోండి. కొత్తది కదా, చివరి హుక్కే పెట్టుకోండి. వాడేకొద్దీ సాగుద్ది, అప్పుడు లోపలి హుక్కులకి మారొచ్చు."

మొదటిది చంకలో గుచ్చింది. రెండోదాని కప్పు పైన పొంగిపోయింది. బయట పదిమంది ఆడవాళ్ల మధ్య ప్రభాకర్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఎటు చూడాలో తెలియక సీలింగ్ ఫ్యాను చూస్తున్నాడు. ఎంతకీ ఆండాళు బయటికి రాకపోయేసరికి ఉండబట్టలేకపోయాడు.

"ఆండాళూ, కప్పు సాలిందా? పట్టీ వీపు మీదికి జరుగుతున్నదా? భుజాల కాడ గుంజుతున్నదా? మొహమాటపడకు, ఇంకోటి తెమ్మందాం" అన్నాడు, దుకాణమంతటికీ వినబడేలా.

దుకాణంలో అందరూ అటు తిరిగారు. ఎవరో కిసుక్కున నవ్వారు. ప్రభాకర్ చెవులు ఎర్రబడ్డాయి గానీ, ఉన్నచోటు నుంచి కదల్లేదు.

లోపల మూడోది వేసుకుని అద్దం ముందు నిలబడ్డ ఆండాళుకు ఆ మాటలు వినబడ్డాయి. పట్టీ రొమ్ముల కింద కదలకుండా కూర్చుంది. భుజాల మీద ఏదో దించేసినట్టుంది. మెడలో పోటు ఇంకా ఉంది, ఒక్క పూటలో పోయే నొప్పి కాదది. అయినా ఊపిరి నిండుగా తీసుకోగలిగింది. కుడిచెయ్యి నెమ్మదిగా పైకెత్తింది. చెవి దాటింది.

జాకెట్ తొడుక్కుని బయటికొచ్చి, ఆయన ముందు చెయ్యి చాపింది.

"ఫోనియ్యుండ్రి."

"ఎవరికి?"

"జైరాంకు."

"నేను చెప్త తియ్యి, అమ్ముతలేమని."

"మిషన్ నాది. నేనే చెప్త."

ప్రభాకర్ నంబరు కలిపి ఇచ్చాడు. అవతల జైరాం రేపు ట్రాలీ ఆటో మాట్లాడుకున్నానని ఏదో అంటున్నాడు. ఆండాళు అడ్డం పడింది.

"ఆటో వద్దను తమ్మీ. నా మిషన్ నేను ఇయ్య. ఎందుకా? పని ఉన్నది. పొద్దుగాల ఇంట్ల జాకెట్లు కుట్టాలె. సాయంత్రం మా ఆయన దుకాణంల కూసోవాలె. ఇన్నేండ్ల సంది జాకెట్ సైజుతోని కొనుక్కపోయినోళ్లు ఊరు నిండ ఉన్నరు. అందర్ని పిలిసి నేను మల్ల కొలవాలె, ఆయన సరైన సైజు తెప్పియ్యాలె."

ఫోను తిరిగివ్వబోతే ప్రభాకర్ గోడవైపు తిరిగి ఉన్నాడు. అక్కడ చూడటానికి ఏమీ లేదు. ఆండాళు దగ్గరికి వెళ్లి, కుడిచేత్తో కొంగు ఎత్తి ఆయన కళ్లు తుడిచింది.