సముద్రానికి పోయిన చెప్పులు

తెల్లవారకముందే బసవయ్య నడక మొదలుపెట్టాడు. యాకుత్‌పురాలో ఇరవై ఆరేళ్లుగా రైల్వే కీమ్యాన్. రోజూ పట్టాల వెంట నడుస్తూ, వదులైన కీలను సుత్తితో బిగించే పని. పాసు మీద రెండు బండ్లు మారి, బస్సెక్కి కళింగపట్నం చేరినా ఆ సంగతి కాళ్లకు తెలియలేదు. తల వంచుకుని రెండు మైళ్లు ఇసుకనే చూస్తూ పోయాడు. పక్కన అంత సముద్రం ఘోష పెడుతుంటే మహానుభావుడు తలెత్తితే ఒట్టు!

వల దులుపుతున్న ముసలి బుచ్చమ్మ నవ్వింది. "ఏటి పారేసుకున్నావు బాబూ, అలాగెతుకుతున్నావు?"

"ఏం పారేసుకోలేదమ్మా. అలవాటు."

అప్పుడు తలెత్తాడు. ఎంత చూసినా నీళ్లే. అవతలి ఒడ్డు లేనే లేదు. పక్కన బాబూమియా లేడే అని ఏడుపొచ్చింది.

ఇద్దరిదీ పట్టాల పనిలో ఒకటే గ్యాంగు. కలిసి సముద్రం చూడాలని పదేళ్లుగా అనుకుంటూనే ఉన్నారు. తీరా పాసులు చేతికొచ్చేసరికి బాబూమియా ఊపిరాడక మంచం పట్టాడు. ఇసుకలో నడవడానికని కొనుక్కున్న రబ్బరు చెప్పులు బసవయ్య చేతిలో పెట్టాడు.

"నేనైతే రాలేను భాయ్. ఇవన్న తొడుక్కపో. దర్యా ఇసుక అంటించుకొని తీస్కరా. అవతలి ఒడ్డు కానొస్తదో లేదో చూసి చెప్పు. నువ్వొచ్చేదాంక నేనేడికీ పోను."

చెప్పులు బసవయ్యకు చిన్నవి. మడమలు బయటికి వచ్చినా రోజంతా వాటితోనే తిరిగాడు. పడవలు ఒడ్డుకు లాగేవాళ్లతో తాడు పట్టాడు. బుచ్చమ్మ పెట్టిన చేపల పులుసు అన్నం తిన్నాడు. సాయంత్రం బస్సెక్కేముందు చెప్పులు విప్పి, ఇసుక రాలకుండా తువ్వాలులో మూటగట్టుకుని, వట్టికాళ్లతో బయల్దేరాడు.

రెండోనాడు పొద్దున బండి దిగి, ఇంటికి కూడా పోకుండా బాబూమియా గల్లీకి నడిచాడు. అరుగు మీద మంచం గోడకు నిలబెట్టి ఉంది. బాబూమియా భార్య రహీమా గుమ్మంలోకి వచ్చింది.

"నిన్న పొద్దుగాల పోయిండు భాయ్. బసవయ్య ఏమన్నడు, ఒడ్డు కానొచ్చిందట్నా అని ఒకటే అడుగుడు. రాకపోయినా టెలిగ్రాం వచ్చింది, కానొచ్చిందని రాసిండని నేనే చెప్పిన. నవ్విండు." ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "అబద్ధం చెప్పిన్నా భాయ్?"

బసవయ్య చంకలోని మూట కిందికి దించాడు. "లేదు భాభీ. కానొస్తది."

తువ్వాలు విప్పి, చెప్పులను గడప పక్కన జతగా పెట్టాడు. పట్టీల సందుల్లో ఇసుక అట్లాగే ఉంది.