పొయ్యిలో కాలిన యాభై డాలర్లు

ఐలీ మాకెలాకి ఆ యాభై డాలర్ల మీద కన్నా మొగుడి చెవుల మీదే ఎక్కువ ఆశ. ఆ రెండింటికీ లంకె పడింది 1997 ఏప్రిల్‌లో, కొత్త వాక్యూమ్ క్లీనర్ ఇంటికొచ్చిన శుక్రవారం నాడు.

కొట్లో దాని ఖరీదు నూట నలభై డాలర్లు. అట్టపెట్టె మీద మాత్రం యాభై డాలర్లు వెనక్కిస్తామని ఎర్రటి అక్షరాలతో రాసి ఉంది. ఆ యాభై కొట్లో ఇచ్చేది కాదు. రసీదూ, పెట్టె మీంచి కత్తిరించిన బార్‌కోడ్ ముక్కా, నింపిన రిబేటు కాగితం, మూడూ కవర్లో పెట్టి నెల తిరక్కుండా కంపెనీకి పోస్టు చెయ్యాలి. అప్పుడు వాళ్ళు తీరిగ్గా చెక్కు పంపుతారు.

ఆమె మొగుడు రేయినో ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నవ్వాడు. రాగి గనిలో ముప్పై ఏళ్ళు డ్రిల్లు పట్టిన మనిషి. ఇస్తానన్న డబ్బు ఏ కంపెనీ అయినా ఇస్తుందంటే నమ్మడు. ఆ డ్రిల్లే అతని చెవుల్ని తినేసింది, ఆ సంగతి మాత్రం ఒప్పుకోడు. లోకమంతా గొణుగుతోందంటాడు. చర్చిలో పాస్టరు గొణుగుతాడట, టీవీ గొణుగుతుందట, అందరికన్నా ఎక్కువ పెళ్ళాం గొణుగుతుందట.

"ఈ చెక్కు గనక వచ్చిందంటే, నువ్వు చెప్పే ఆ చెవుల డాక్టరు దగ్గరికి నేనే కారేసుకుని పోతా," అన్నాడు.

ఐలీ ఆ మాటని గట్టిగా పట్టుకుంది. నాలుగేళ్ళుగా బతిమాలుతోంది మరి. పెద్ద విషయాలు అరిచి చెప్పడం ఆమెకి అలవాటైపోయింది. పోయినవల్లా చిన్న మాటలు. కిటికీ అవతల జింక వచ్చిందని చెబితే "ఏంటి?" అంటాడు. రెండోసారి అరిచి చెబితే జింక పారిపోతుంది. అలా ఒక్కొక్కటే చెప్పడం మానేసింది. ఇంట్లో ఇద్దరుండీ ఒంటరిగా ఉన్నట్టుండేది, అదీ ఆమె దిగులు.

ఆదివారం చర్చి నుంచి రాగానే కత్తెర పట్టుకుని గరాజ్‌లోకి వెళ్ళింది. పెట్టె లేదు.

నిన్న శనివారం. శనివారమంటే సౌనా, అదే ఆవిరి స్నానం. ఆ మిషిగన్ ఉత్తరపు కొసన ఫిన్లాండ్ నుంచి వలసొచ్చినవాళ్ళ ఇళ్ళన్నిటి వెనకా ఓ చెక్క గది, అందులో రాళ్ళ పొయ్యి, దాని పక్కనో బుట్ట. వారమంతా ఇంట్లో పోగైన అట్టలూ కాగితాలూ ఆ బుట్టలోకే పోతాయి. ఆ అలవాటు నేర్పిందీ, నలభై ఏళ్ళుగా బుట్ట నింపిందీ ఐలీయే.

"ఏమయ్యా, పెట్టె ఏది?" అని అతని మొహంలో మొహం పెట్టి అడిగింది.

"బాగా మండింది. మంచి అట్ట," అన్నాడు రేయినో మెచ్చుకోలుగా. అప్పుడు ఆమె చేతిలోని కత్తెర చూశాడు. మొహం చిన్నబోయింది. కావాలని చెయ్యలేదన్నాడు. శనివారం వచ్చింది, అట్ట కనిపించింది, అంతేనన్నాడు. ఐలీ నమ్మలేదు. పందెం కాసినవాడే సాక్ష్యం కాల్చేస్తే ఎవరు మాత్రం నమ్ముతారు?

సోమవారం కంపెనీకి ఫోను చేసింది. నలభై నిమిషాలు సంగీతం వినిపించాక ఓ అమ్మాయి పలికింది. చాలా మర్యాదస్తురాలు. బార్‌కోడ్ లేకపోతే డబ్బు లేదని మూడు రకాలుగా, మూడుసార్లూ తియ్యగా చెప్పింది. మెషీన్ ఫోటో తీసి పంపనా అని ఐలీ అడిగింది. కుదరదు. మెషీన్ కింద చెక్కిన నంబరు రాసి పంపనా? అదీ కుదరదు.

"ఇంతకీ పెట్టె ఏమైంది మేడమ్?"

"దాంతో మేం స్నానం చేశాం," అంది ఐలీ.

అవతల మళ్ళీ సంగీతం మొదలైంది.

ఆమెని గట్టెక్కించింది పక్కింటి సైమా. అదే కొట్లో అదే వాక్యూమ్ క్లీనర్ ఆవిడా కొంది. ఆవిడ సౌనా మొన్నటి చలికాలం మంచు బరువుకి కూలిపోయింది. కాల్చడానికి పొయ్యి లేక ఇంటికొచ్చిన ప్రతి పెట్టెనీ నేలమాళిగలో కప్పు దాకా పేర్చుకుపోతోంది. రసీదు ఎక్కడో పారేసుకుంది కాబట్టి రిబేటు ఆశ ఆవిడకి లేదు. అయినా కోడ్ ముక్క ఊరికే ఇవ్వలేదు. రెండు యాలకుల రొట్టెలు పుచ్చుకుంది. పైగా మాకెలా వాళ్ళ సౌనాలో శనివారం మొదటి వంతు తనదేనని మాట తీసుకుంది.

గడువు ఇంకా రెండు రోజులుందనగా కవరు పోస్టులో పడింది. ఎనిమిది వారాలు ఆగమని కాగితంలో ఉంది, ఆగింది. జూలైలో ఒక కార్డు వచ్చింది. రసీదు అందలేదట. పిన్నుపెట్టి పంపిన రసీదు ఎక్కడ రాలిపోయిందో ఆ దేవుడికే తెలియాలి. ఐలీ ఒంటికాలి మీద లేచింది. బిస్కెట్ల డబ్బాలో దాచిన జిరాక్సు తీసి, మళ్ళీ కవరు పెట్టి పంపింది. ఆ రోజు నుంచీ పోస్టు డబ్బా దగ్గరే కాపలా. కంపెనీ పేరున్న తెల్ల కవరు కోసం చూసేది. ఎందుకూ కొరగాని కాగితాలన్నీ విసురుగా బుట్టలో పడేసేది.

ఆ వేసవిలో ఇంకో చికాకు మొదలైంది. శనివారం నాలుగింటికల్లా లేవాల్సిన సౌనా పొగ, అయిదున్నరైతే గాని లేవడం లేదు. సైమా భుజాన తువ్వాలు వేసుకుని మెట్ల మీద కూర్చుని ఎదురుచూసేది. చెవుల్లాగే చేతులూ పనికిరాకుండా పోతున్నాయని ఐలీ మొగుణ్ణి ఎత్తిపొడిచింది. అతనికి వినబడలేదు, లేదా వినబడనట్టున్నాడు.

సెప్టెంబరు రెండో శనివారం పొగ ఆరింటికి కూడా లేవలేదు. ఇద్దరాడవాళ్ళూ మెట్ల మీద కూర్చుని అతన్ని ఆడిపోసుకుంటూ ఉంటే, రేయినో సౌనా గదిలోంచి బయటికొచ్చాడు. ముక్కు మీద చదువుకునే కళ్ళజోడు. చేతిలో పోస్టుకార్డంత పల్చటి కాగితం, ఒక మూల మసి.

"కిరాణా కొట్టు కాగితాల మధ్యలో ఉంది," అన్నాడు. "నువ్వే వేసినట్టున్నావే."

చూస్తే చెక్కు. కవరూ లేదు, పాడూ లేదు. మాంసం చవకగా అమ్ముతామని వచ్చే కాగితానికీ దానికీ తేడా లేదు. గురువారం తన చేత్తో బుట్టలో విసిరిన సంగతి ఐలీకి గుర్తొచ్చింది.

"పొయ్యి ముట్టించడానికి కళ్ళజోడెందుకయ్యా?" అని సైమా గట్టిగా అడిగింది.

రేయినో నేల చూపులు చూశాడు. "ఒక్కో కాగితం చదివి వేస్తున్నా. పెట్టె కాల్చింది నేనే కదా."

"ఎప్పట్నుంచీ?" అని ఈసారి ఐలీ గట్టిగా అడిగింది.

"కవరు పోస్టు చేసిన వారం నుంచీ."

ఐలీ చెక్కు మూల మసిని బొటనవేలితో తుడిచింది. అది పొయ్యిలో పడి ఉంటే పందెం అతనిదే. ఎవరికీ తెలిసేది కూడా కాదు. ఆమెకి కళ్ళు చెమర్చాయి. చెక్కు వంకే చూస్తూ, మెల్లగా, ఎన్నాళ్ళుగానో అనడం మానేసిన మాట ఒకటి అంది.

రేయినో చెయ్యి చెవి వెనక పెట్టి ముందుకి వంగాడు. ఆ చెయ్యి అలా పెట్టడం అదే మొదటిసారి. "ఏంటి?"

ఆమె రెండోసారి అరవలేదు. "డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాక చెప్తా," అని మాత్రం గట్టిగా చెప్పింది.

రేయినో తలూపి, పొయ్యి ముట్టించడానికి వెనక్కి తిరిగాడు. నాలుగడుగులు వేసి ఆగాడు.

"అప్పటిదాకా మర్చిపోకే," అన్నాడు.